మూతలో కొబ్బరినూనె

పూతరేకులు చుట్టేవాళ్ల చేతులు అందంగా ఉండక్కర్లేదు గానీ గరుకుగా మాత్రం ఉండకూడదు. వేలి చివర చిన్న పెచ్చు లేచి ఉన్నా చాలు, రేకు దానికి తగులుకుని చిరిగిపోతుంది. మా పిన్ని చేతులు ఆ పనికే పుట్టాయని ఊళ్లో అందరూ అనేవారు. నల్లటి చేతులు, పొట్టి వేళ్లు, చూడ్డానికి ఏమీ ఉండవు. కానీ ఆ వేళ్లు రేకు మీద కదులుతుంటే చప్పుడు కూడా వచ్చేది కాదు. ఇప్పుడా చేతుల గురించి రాద్దామని కూర్చుంటే ముందు నా చేతులే కనిపిస్తున్నాయి. ఇంత వయసొచ్చినా నున్నగానే ఉన్నాయి. వాటిని చూస్తే నాకు సిగ్గేస్తుంది.

మాది కాట్రేనికోన వైపు. తొంభైల్లో వచ్చిన పెద్ద తుఫానుకి మా ఇల్లు పోయింది. అమ్మా నాన్నా ఒక రొయ్యల చెరువు కాపలాకి కుదిరి ఆ గట్టు మీదే పాక వేసుకున్నారు. అక్కడుంటే చదువు చెట్టెక్కుతుందని నన్ను పిన్ని దగ్గరికి పంపారు. పిన్ని అంటే అమ్మకి సొంత చెల్లెలు. ఆత్రేయపురానికీ కొత్తపేటకీ మధ్య ఒక పల్లెలో ఉండేది. బాబాయి కొబ్బరి దింపు తీసేవాడు. తుఫాను తర్వాత ఎక్కడానికి చెట్లుంటే కదా. తలలు విరిగిన మొండేల కింద నిలబడి కాసేపు పైకి చూసి, చుట్ట వెలిగించుకుని ఇంటికి తిరిగొచ్చేవాడు. వాళ్లకి పిల్లల్లేరు. నేను వెళ్లాక రెండు కంచాలు మూడయ్యాయి. వండేది మాత్రం పెరగలేదు, పిన్ని కంచంలో తగ్గింది. ఆ వయసులో నాకది కనిపించలేదు, కంచం నిండా అన్నం ఉన్నవాళ్లకి పక్క కంచం కనిపించదు.

పిన్ని ఇంట్లోనే రేకులు తీసేది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పలచటి పిండి నీళ్లలో ముంచిన గుడ్డ, ఆ గుడ్డ కుండ మీద ఒక్కసారి అలా జారితే చాలు, తెల్లటి పొర లేచి వచ్చేది. తుఫాను ఏడాది పెళ్లిళ్లు లేవు, శుభకార్యాలు లేవు. గూళ్లు ఎగిరిపోయినవాళ్లు పూతరేకులేం తింటారు? కుండ చల్లారిపోయింది. సరిగ్గా అప్పుడే కొత్తపేట రోడ్డు మీద, పాత కొబ్బరికాయల గోడౌనులో, ఒక షెడ్డు తెరిచారు. కొబ్బరి వ్యాపారం చేసేవాళ్ల అబ్బాయి హైదరాబాదులో ఏదో నేర్చుకుని వచ్చాడు. సెలైన్ సెట్లు తయారుచేస్తాడట.

సెలైన్ సెట్టంటే ఆసుపత్రిలో సీసా నుంచి చేతి నరం దాకా వేలాడే గొట్టం. ఒకరికి వాడి పారేస్తారు. సీసా కిందే బొటనవేలంత ప్లాస్టిక్ గది ఒకటి ఉంటుంది, చుక్కలు చుక్కలుగా పడేది అందులోనే. దాన్ని మేము బుడ్డి అనేవాళ్లం. బుడ్డీ గొట్టమూ వేరువేరుగా గోనె సంచుల్లో హైదరాబాదు నుంచి వచ్చేవి. బుడ్డి మూతికి గొట్టాన్ని గమ్ముతో అతికించడం మా షెడ్డు పని. అతికించినవి మళ్లీ హైదరాబాదు వెళ్లి, అక్కడ శుద్ధి అయి, పొట్లాల్లో పడి ఆసుపత్రులకి పోయేవి.

ఓనరు గారు ఏరికోరి రేకులు తీసే ఆడవాళ్లనే పనిలోకి పిలిచారు. "రేకు చిరక్కుండా తీసే చేతులకి ఈ పనొక లెక్కా అండీ?" అన్నారట మా పిన్నితో. పిన్ని ఆ మాటకి వారం రోజులు పొంగిపోయింది. నేనప్పుడే పదో తరగతి పాసై ఖాళీగా ఉన్నాను. నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది.

ఆ గమ్ము సంగతి చెప్పాలి. నీళ్లలా పలచగా ఉండేది. చుక్క వేసి, గొట్టం తొడిగి, ఊపిరి పీల్చి వదిలేలోగా అతుక్కుపోయేది. గాలిలో తడి ఉంటే దానికి ఇంకా హుషారట. కోనసీమ గాలిలో తడికేం కొదవ? అందుకని సీసాలు ఫ్రిజ్‌లో పెట్టేవారు. "మనింట్లో మనుషులకి లేని ఫ్రిజ్జు ఇక్కడ గమ్ముకుందే" అని ఆడవాళ్లు నవ్వుకునేవారు. అతుక్కునేది గొట్టమొక్కటే అయితే గొడవే లేదు. ఆ గమ్ముకి మనిషి చర్మమంటే మరీ ప్రేమ. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకోవాల్సిన పని కదా, రెండూ అతుక్కుపోయేవి. లాగితే చర్మం ఊడొచ్చేది. గోళ్లరంగు తుడిచే మందులాంటిది ఒకటి ఇచ్చేవారు. దాంతో తుడిస్తే వేళ్లు విడిపోయేవి గానీ తెల్లగా పాలిపోయి, ఎండి, పగిలేవి.

దానికి విరుగుడు కనిపెట్టింది మా పిన్నే. రేకులు తీసేవాళ్లకి పుట్టుకతో వచ్చే అలవాటొకటుంది. పొయ్యి వెలిగించాక కుండకి నూనెగుడ్డ రాయందే పిండి గుడ్డ ముట్టుకోరు. "కుండకి నూనె రాస్తే రేకంటుకోదు. వేలికి నూనె రాస్తే గమ్మంటుకోదు. దీనికి పెద్ద చదువులెందుకే?" అంది. టానిక్ సీసా మూతలో కొబ్బరినూనె పోసుకుని ఒళ్లో పెట్టుకునేది. అతికించే ముందు వేళ్ల చివర్లు అందులో అద్దుకునేది, అంతే. మర్నాటికి పక్కావిడ ఒళ్లో మూత. ఆ వారానికి బల్ల చుట్టూ ఎంతమందో అన్ని మూతలు. సూపర్‌వైజరు వాసన పట్టలేదా అంటే, మా వైపు ఆడవాళ్లు పదిమంది కూర్చున్నచోట కొబ్బరినూనె వాసన రాకపోతేనే అనుమానపడాలి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు.

నన్ను మాత్రం బల్ల దగ్గర కూర్చోబెట్టలేదు. మొదటిరోజే ఓనరు గారు నన్ను ఆఫీసు గుమ్మం దగ్గరికి పిలిచారు.

"టెన్తు పాసయ్యేవా అమ్మా?"

"ఆయ్, అయ్యేనండీ."

"అయితే నువ్వు తొట్టి దగ్గర కూర్చో."

తొట్టి పని అంటే పరీక్ష. ఒక్కో ట్రేలోంచి గుప్పెడు సెట్లు తీసి, గొట్టం ఒక చివర మూసి, రెండో చివర రబ్బరు బంతితో గాలి కొట్టి, నీళ్లలో ముంచి చూడాలి. అతుకు దగ్గర బుడగ లేస్తే అది పారేయాల్సిందే. గమ్ముతో పని లేదు, ఘాటు లేదు, తలుపు పక్కనే గాలి. బల్ల దగ్గర వాళ్లంతా నాకంటే పెద్దవాళ్లు, ఎవరూ బడికి వెళ్లినవాళ్లు కాదు. చదువుకున్నదానికి తగ్గ కుర్చీ దొరికిందనుకున్నాను. నా పదో తరగతి నన్నక్కడ కూర్చోబెట్టిందని చాలా ఏళ్లు నమ్మాను. సాయంత్రం ఇంటికెళ్లాక నీళ్లలో నాని ముడతలు పడ్డ నా వేళ్లకి పిన్ని తన చేత్తోనే నూనె రాసేది. అదీ హాయిగా రాయించుకున్నాను.

కొన్నాళ్లకి తొట్టిలో బుడగలు మొదలయ్యాయి. ముందు ఎక్కడో ఒకటి, తర్వాత ప్రతి ట్రేలోనూ. పారేసిన సెట్లు నా పక్కన కుప్పయ్యేవి. సూపర్‌వైజరు గమ్ము పాతబడిందన్నాడు, కొత్తది తెచ్చారు. గొట్టాలు మంచివి కావన్నాడు, అవీ మార్చారు. బుడగలు మాత్రం ఆగలేదు. ఒకరోజు పెద్ద అట్టపెట్టె ఒకటి వెనక్కి వచ్చింది. ఎక్కడో ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతుండగా బుడ్డి నుంచి గొట్టం ఊడిపోయి మంచమంతా తడిసిందట. పక్కన మనిషి ఉన్నాడు కాబట్టి చూసి కేక వేశాడట. ఓనరు గారు ఆ పెట్టె బల్ల మీద పెట్టారు. అరవలేదు, తిట్టలేదు. మొహంలో నెత్తురు లేదు.

"చూసినవాడున్నాడు కాబట్టి సరిపోయిందండీ. లేకపోతే?" అన్నారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం విన్నాను గానీ, ఆ రోజు బల్ల చుట్టూ ఒక్కొక్కరూ చేతులు కొంగులో దాచుకోవడం కళ్లారా చూశాను. అయితే వాళ్లు దాచింది భయంతోనే. నూనె వల్ల అతుకు పాడవుతుందని వాళ్లలో ఒక్కరికీ తెలీదు, నాకూ తెలీదు. మూతలు కనబడితే పని మానేసి సోకులు చేసుకుంటున్నారంటారేమోనని వాళ్ల బెంగ.

నాకు తెలిసిన తీరు ఇది. మాతో పనిచేసే ఒకావిడకి మావగారు పోయారు. మైల తీరేదాకా ఇంట్లో కూర్చుంటే తిండికి జరగదని నాలుగో రోజే పనిలోకి వచ్చేసింది. మైలలో ఉంది కాబట్టి మిగతావాళ్లని తాకకుండా, గోడ వారగా పీట వేసుకుని, ట్రే వేరుగా పెట్టుకుని అతికించుకునేది. తలకి నూనె లేదు. ఆ రోజుల్లో నూనె ముట్టకూడదు కదా, మూత కూడా తెచ్చుకోలేదు. మధ్యాహ్నానికే ఆవిడ వేళ్లు పచ్చిపుండ్లయ్యాయి. ఆవిడ ట్రేలోంచి నేను తీసిన ఒక్క సెట్టుకీ బుడగ రాలేదు. మర్నాడూ రాలేదు. మైల తీరి, తలంటుకుని, మూత తెచ్చుకుని బల్ల దగ్గర చేరిన రోజున ఆవిడ సెట్లు కూడా అందరివాటిలాగే గుడగుడలాడాయి.

నేను ముందు పిన్నికే చెప్పాను. ఆ మాట మాత్రం నా మనసుకి నేను గట్టిగా చెప్పుకుంటూ ఉంటాను. ఇంటికి నడుస్తుంటే దారిలో చెప్పాను.

"నీ మొహం. నూనెకీ బుడగలకీ ఏంటే సంబంధం? కుండకి నూనె రాస్తే రేకు పాడైపోతందా?" అంది.

"అది అంటుకోకూడదని రాస్తావు పిన్నీ. ఇది అంటుకోవాలి కదా."

"గమ్ము గొట్టానికి కదా వేసేది, నూనె నా వేలికి కదా."

"వేలి మీదది గొట్టానికి అవ్వదా? ఒక్కరోజు మానేసి చూడు పిన్నీ."

పిన్ని నవ్వింది. "తొట్టి దగ్గర కూర్చుని చెప్పడం తేలికేనమ్మడూ" అంది. వెటకారం లేదు అందులో, ఊరికే అంది. కానీ నాకు కోపం నషాళానికి అంటింది. పదో తరగతి పాసైనదాన్ని, కళ్లతో చూసి చెబుతుంటే లెక్కలేదా? ఆ రాత్రి సరిగా మాట్లాడకుండానే అన్నం తిన్నాను. మర్నాడు ఓనరు గారు తొట్టి దగ్గరకొచ్చి, "నీకేమన్నా తెలుస్తోందా అమ్మా?" అని అడిగారు. చెప్పేశాను. రోగుల ప్రాణాలు గుర్తున్నాయి నాకు, తడిసిన మంచం గుర్తుంది. అయినా ఆ చెప్పడంలో వాళ్ల మీద జాలి ఎంతో, నా మాట నెగ్గాలన్న పంతం ఎంతో నాకిప్పటికీ తేలదు. ఎన్నిసార్లు వడపోసినా రెండూ కలిసే వస్తాయి.

నూనె ఎవరు మొదలుపెట్టారో చెప్పలేదు. ఆయనా అడగలేదు. అందరి ముందూ కొన్ని సెట్లు నూనె వేళ్లతో, కొన్ని సబ్బుతో కడిగిన వేళ్లతో అతికించమన్నారు. అతికించమని ఆయన చూపించింది, బల్ల దగ్గర అందరికంటే పనిమంతురాలు కదా అని, మా పిన్నినే. అవి నేను తొట్టిలో ముంచాను. నూనెవాటికి బుడగలొచ్చాయి, కడిగినవాటికి రాలేదు. పిన్ని తన ఒళ్లో మూత తీసి, తనే తొట్టి పక్క బక్కెట్లో పడేసింది. "ఎంత పని చేసేనండీ" అంది, ఎవరితో అందో తెలీదు.

ఆ రోజు నుంచి నూనె బందు. వేళ్లకి రబ్బరు తొడుగులు తెప్పించారు, ఊదని బెలూన్లలాంటివి. అవే సెట్టుకి అతుక్కుని చిరిగేవి, చిరిగిన ముక్క అతుకులో ఉండిపోయేది. వాటినీ పక్కనపెట్టి ఉత్త చేతులతోనే చెయ్యమన్నారు. పొద్దున్నే అందరూ సబ్బుతో చేతులు కడుక్కుని, గుమ్మం దగ్గర ఖాకీ కాగితం మీద వేళ్లు నొక్కాలి. వేళ్లకి నూనె ఉంటే బజ్జీల పొట్లంలా మరక తేలుతుంది. మరక పడితే వెనక్కెళ్లి మళ్లీ కడుక్కోవాలి. ఆ కాగితం పట్టుకుని నిలబడే పని ఎవరికిచ్చారో చెప్పక్కర్లేదు. ఎంతైనా సంగతి కనిపెట్టినదాన్ని.

నాకంటే పెద్దవాళ్లు, నన్ను "అమ్మాయిగారూ" అని ఆటపట్టించినవాళ్లు, బడికెళ్లే పిల్లల్లా వరసగా వచ్చి నా ముందు చేతులు చాపేవారు. ఒకావిడ వేళ్లు నొక్కుతూ, ఎటో చూస్తూ, "తిన్నింటి వాసాలు లెక్కెట్టేవోళ్లు కూడా ఉంటారండీ" అంది. పిన్ని వెనకాలే ఉంది. "దాన్నేమీ అనకండి వదినగారూ, అది చూసింది చెప్పింది" అంది. ఆవిడ తిట్టిన దానికంటే పిన్ని వెనకేసుకొచ్చినదానికే నాకు చచ్చినంత పనయింది.

తర్వాత జరిగిందంతా వేళ్ల మీద జరిగింది. పిన్ని వేళ్ల చివర్లు ముందు తెల్లబడ్డాయి, తర్వాత పొరలు పొరలుగా లేచాయి, తర్వాత ఎండాకాలం చేలో నేలలా నెర్రెలు విచ్చాయి. పచ్చడి కలుపుకోలేకపోయేది. చెంచాతో తినడం మొదలుపెట్టింది. "చూసేరా, దొరసాన్నైపోయేను" అని బాబాయికి చెంచా చూపించి నవ్వేది. బాబాయి నవ్వేవాడు, నేను నవ్వలేక కంచంలోకి తల దించేదాన్ని. ఎదురుగా కూర్చుని తినబుద్ధయ్యేది కాదు. ఆకలి లేదని చెప్పి తర్వాత తినేదాన్ని.

ఒక సాయంత్రం ఉండబట్టలేక కొబ్బరినూనె వెచ్చబెట్టి, ఆమె చేతులు నా ఒళ్లో పెట్టుకుని రాశాను. ఆ నెర్రెల్లోకి నూనె దిగుతుంటే పిన్ని కళ్లు మూసుకుని, "అబ్బ, ప్రాణం లేచొచ్చిందే" అంది. మర్నాడు పొద్దున్న సబ్బుతో కడుక్కునే వచ్చింది. కాగితం మీద వేళ్లు నొక్కింది. మరక పడింది. రాత్రి పగుళ్లలోకి దిగిన నూనె పొద్దున బయటికొచ్చింది. పిన్ని నా మొహంలోకి చూసింది, నేను కాగితంలోకి చూశాను. వెనక వరస నిలబడి ఉంది, సూపర్‌వైజరు గుమ్మంలోనే ఉన్నాడు. "మళ్లీ కడుక్కో పిన్నీ" అన్నాను. కడుక్కొచ్చింది, మళ్లీ పడింది. మళ్లీ పంపాను. కాగితం శుభ్రంగా ఉండేసరికి నెర్రెల్లోంచి నెత్తురు చుక్కలు తేలాయి. కాగితం మీద నెత్తురు పడితే ఏం చెయ్యాలో మాకెవరూ చెప్పలేదు. గుడ్డపీలికతో తుడుచుకుని వెళ్లి బల్ల దగ్గర కూర్చుంది.

ఆ తర్వాత నన్ను నూనె రాయనివ్వలేదు. "వద్దమ్మడూ, పొద్దున్న నువ్వే ఇబ్బంది పడతావు" అనేది. నేను ఇబ్బంది పడతానట!

పని మానేయమని అడగకపోలేదు. బాబాయికి అప్పటికింకా ఎక్కడానికి చెట్లు లేవు, కొత్త మొక్కలు కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. "మానేస్తే కుండలోకి ఎక్కణ్ణించొస్తాయే గింజలు?" అంది. నేను తొట్టి వదిలేసి బల్ల దగ్గర కూర్చుంటానన్నాను. ఆ ఒక్కసారే పిన్ని నా మీద అరిచింది. "తొట్టి దగ్గర్నుంచి కదిలేవంటే కాళ్లిరగ్గొడతాను" అంది. నేను చదువుకున్నదాన్నని గర్వపడుతోందేమో అనుకుని నోరు మూసుకున్నాను. మనసులో ఓ మూల హమ్మయ్య అనిపించింది కూడా. అదీ రాయాలి మరి.

వానాకాలంలో బాబాయికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఆటోలో వేసుకుని కొత్తపేటలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. మధ్యాహ్నం సెలైన్ పెట్టారు. సెట్టు పొట్లంలోంచి తీస్తుండగానే మేమిద్దరం గుర్తుపట్టాం, చుక్కల వేగం తగ్గించి పెంచే చక్రం మా గొట్టాలకుండే ఆకుపచ్చదే. మా షెడ్డుదే. పిన్ని మొగుడి మొహం చూడ్డం మానేసి స్టూలు లాక్కుని బుడ్డి దగ్గర కళ్లు పెట్టి కూర్చుంది. సీసా సగమయ్యేదాకా అలాగే ఉంది. మధ్యమధ్యలో కొంగు అంచుతో అతుకు తుడిచి, ఆ కొంగు తడిసిందేమోనని పెదవికి ఆనించి చూసుకునేది. నర్సమ్మ వచ్చి, "దాన్ని ముట్టుకోకండమ్మా" అని కసిరింది.

"మేము చేసిందేనండీ" అంది పిన్ని.

బాబాయి నీరసంగా కళ్లు తెరిచి, "నన్ను చూడ్డానికొచ్చేరా, గొట్టాన్ని చూడ్డానికొచ్చేరా?" అన్నాడు.

సీసా అయిపోయింది. అతుకు పొడిగానే ఉంది. పిన్ని నా వైపు తిరిగి, పగిలిన వేళ్లతో నా గడ్డం పట్టుకుంది. "అప్పుడు నువ్వు చెప్పబట్టి గానీ, లేకపోతే మీ బాబాయి ఏమైపోయేవోరే?" అంది. ఆ వేళ్లు నా గడ్డానికి గుచ్చుకున్నాయి. ఆమె నన్ను మెచ్చుకుంటోంది. తప్పు చేసి ఉంటే అక్కడే కాళ్ల మీద పడేదాన్ని, ఆమె తిట్టేది, ఏడ్చేవాళ్లం, అయిపోయేది. నేను చేసింది తప్పు కాదు. బాబాయి బతికి మంచం మీదున్నాడు, సాక్ష్యం. తప్పు కానిదానికి ఏమని క్షమించమనను? అప్పట్నుంచీ అది నా లోపల అలా అరక్కుండా ఉండిపోయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకి షెడ్డు మూసేశారు. ఎక్కడో మిషన్ల మీద తయారై వచ్చే సెట్లు చవకైపోయాయట. అప్పటికి మళ్లీ పెళ్లిళ్లు జోరందుకున్నాయి, ఆత్రేయపురం రేకులకి గిరాకీ పెరిగింది. పిన్ని అటక మీంచి కుండ దించింది, రేకులు తీసి చుట్టకుండానే కొట్టుకి అమ్మేది. నేను గట్టెక్కామనుకున్నాను.

ఆ ఏడే నాకు తాటిపాక వైపు సంబంధం కుదిరింది. సారెలో పెట్టే పూతరేకులు తనే తీసి తనే చుట్టాలని పిన్ని పట్టుబట్టింది. అమ్మ వచ్చింది, ఇరుగుపొరుగు వచ్చారు, అరుగు మీద చాపలు పరిచారు. రేకులు తీసేంతవరకూ అంతా బాగానే ఉంది. గుడ్డ లాగడం మణికట్టు పని, దానికి వేళ్ల చివర్లతో అంత పని లేదు. చుట్టడం మొదలుపెట్టాక తెలిసింది. మొదటి రేకు పరిచి, నెయ్యి రాసి, పంచదార పొడి జల్లి, అంచు పట్టుకుని మడిచింది. చిరిగింది. "రేకు బాగా ఎండిపోయినట్టుందే" అని ఇంకోటి తీసుకుంది. అదీ చిరిగింది. మూడోదానికి వేళ్లని నేతిలో ముంచి తీసింది. నెయ్యి నున్నగా మెరుస్తున్నా దాని కింద మొద్దుబారిన చర్మం మొద్దుబారినట్టే ఉంది, పాత నెర్రెల అంచులు ముళ్లలా నిలబడే ఉన్నాయి. రేకు వాటికి పట్టుకుని సర్రున చీలిపోయింది. గమ్ము మానేసి అన్ని నెలలైనా వేళ్లు కోలుకోలేదు.

పిన్ని తన వేళ్ల వైపు చూసుకుంది, పరాయివాళ్ల వేళ్లని చూసినట్టు. తర్వాత పళ్లెం నా వైపు జరిపింది.

"నువ్వు చుట్టవే."

"పెళ్లికూతురి చేత సారె చుట్టిస్తారేంటండీ?" అని ఎవరో నవ్వబోయారు. పిన్ని వినిపించుకోలేదు. నా రెండు చేతులూ పట్టుకుని తిరగేసి, నా వేళ్లని తన బొటనవేలితో తడిమి చూసింది.

"అందుకే కదే ఆవేళ ఓనరు గార్ని అంత బతిమాలేను. పెళ్లి కావాల్సిన పిల్లండీ, దాని చేతికి గమ్ము తగలనివ్వకండి, ఎక్కడన్నా వేరే కూర్చోబెట్టండి అని. టెన్తు పాసైందని చెప్తే తొట్టి ఇచ్చేరు" అంది. గర్వంగానే అంది, తన తెలివికి తనే మురిసిపోతూ. "నీ చేతులన్నా ఉన్నాయి చూడు."

అమ్మ పక్కనే ఉంది, "ఏంటే ఆ కళ్లనీళ్లు, అత్తారింటికి ఇప్పణ్ణించేనా?" అంది. అందరూ నవ్వారు. నేను పళ్లెం దగ్గరికి లాక్కున్నాను. పిన్ని చెంచాతో పంచదార పొడి జల్లుతూ, ఎక్కడ మడవాలో, ఎంత గట్టిగా పట్టాలో చెబుతూ కూర్చుంది.

సాయంత్రం దాకా చుట్టాను. ఒక్క రేకూ చిరగలేదు.